అందకమునుపే ‘అందినది’ అన్నదానను

నల్లమల యంచున, బేతంచెర్ల నాపబండలు పరచిన యొక మిద్దెలోని బ్యాంకుశాఖలో, క్యాషు కౌంటరు వెనుక చెక్కబల్లపై పచ్చదీపములతో మెరయుచుండిన, ఉపగ్రహముతో మాటాడు వీశాట్ మోడెమును నేను. మిద్దెమీది గొడుగు నాకు అన్న. భూమధ్యరేఖకు మా సీమ చేరువ గావున ఆతడు దాదాపు నడినెత్తికే ముఖమెత్తి, మబ్బుకై చూచు రైతువలె నుండును. కాని జడివాన కేయూ బ్యాండు తరంగములను మింగివేయును గనుక, కర్నూలు కడప జిల్లాలలో మబ్బు పట్టిన దినమున దిగులుపడినవారము మేమిరువురమే యేమో.

నా యసలు శత్రువు దూరము. భూస్థిర ఉపగ్రహ మున్న యెత్తు 35,786 కిలోమీటర్లు. గుమాస్తా మీట నొక్కగా ప్రశ్న పైకెక్కి, అవతలి భూకేంద్రమైన హబ్బునకు దిగి, బదులు మరల నెక్కి దిగునప్పటికి లక్షా నలువదివేల కిలోమీటర్లకు పైగా నడచును. యంత్రముల జాగు గూడ కలియగా అరసెకను దాటును. 1975–76 నాటి సైట్ ప్రయోగమున ఆంధ్రదేశపు పల్లెలకును ఉపగ్రహ దూరదర్శనము వచ్చెను గాని, అది బదులు కోరని మాట. జాగు దానికి అడ్డు కాలేదు. నా బ్రతుకంతయు బదులుమీదనే.

టీసీపీ యను సంభాషణమర్యాద మిక్కిలి జంకు గలది. కొన్ని ప్యాకెట్లు పంపి, ‘అందినవి’ యను మాట వచ్చువరకు చేతులు ముడుచుకొని కూర్చుండును. పాత పద్ధతిలో బదులు రాకమునుపు పంపదగినది 65,535 బైట్లే గనుక, మార్గమెంత వెడల్పైనను సెకనుకు ఒక మెగాబిట్టు చుట్టుపట్లనే వేగ మాగిపోవును. లోతైన బావిలో కపిలబాన దిగి, నిండి, పైకి వచ్చి కుమ్మరించువరకు కాలువ యెండియుండుట సీమవాసు లెరుగనిది కాదు; ఘటీయంత్రము కట్టినచో బావి లోతు తగ్గదు, ధార మాత్రము తెగదు. 1992లో ఆ మితిని పెంచు విండో స్కేలింగు వెలువడినను, మా శాఖలోని పాత కంప్యూటర్లు దానిని వాడుకొనలేదు.

కావున నాకొక యసత్యము నేర్పిరి. ప్యాకెట్టు నా చేతికి రాగానే, అది మిద్దె దాటకమునుపే, అవతలి సర్వరు పేర ‘అందినది’ యని నేనే పలుకుదును. కంప్యూటరు నమ్మి తరువాతివి కుమ్మరించును. వానిని దాచుకొని, నేనును హబ్బునందలి నా జోడును ఆగక పంపుకొందుము. త్రోవలో నొకటి జారినచో, రద్దీ యని భ్రమించి వేగము తగ్గింపక, దానినే మరల పంపుదుము. 2001 నాటి ఆర్‌ఎఫ్‌సీ 3135 యను ఇంటర్నెట్ పత్రము ఇట్టి మధ్యవర్తుల మేలుతోపాటు, వీరివలన మాటపూచీ చెడు విధమును గూడ చర్చించెను. న్యాయమే. కరెంటు పోయి బ్యాటరీ మొరాయించినచో, నేను ‘అందినది’ అన్నది అందకయే పోవును. కాని సొమ్ము జమయైనదని సర్వరు స్వయముగా నిచ్చు రసీదు వేరు. దానిని నేనెన్నడును కల్పింపలేదు.

ఒకనాడు కంప్యూటర్లకును నాకును నడుమ గుప్తలేఖనపు పెట్టె నొకదానిని నిలిపిరి. ప్యాకెట్లు ముద్రపడి వచ్చుటచే లోపలి వ్రాతలు నాకు కనబడక మూగనైతిని. అది పింఛనుల వారము.

“ఏం నాయనా, దుడ్డు ఇంగా రాల్యా?” అని యొక యవ్వ యడిగెను.

“తిరగతాంది అవ్వా, రోంతసేపుండు.”

మూడవనాడు వచ్చిన ఇంజనీరు ఆ పెట్టెను తొలగించి, ముద్రవేయు పనిగూడ నాకే యప్పగించెను: ముందు బదులు, పిదప ముద్ర.

ఇపుడు శాఖకు ఫైబరు వచ్చినది. రోడ్డు పనిలో జేసీబీ తీగను తెంచిన దినమున మాత్రము నాకు పిలుపు వచ్చును. గుమాస్తా మీట నొక్కి, అరసెకను అలవాటు తప్పినవాడగుటచే, రెండవమారు నొక్కును.