సూర్యుడికి ఎంట్రీ, లారీకి నో ఎంట్రీ

సంక్రాంతి దగ్గరపడే కొద్దీ హైదరాబాదులో ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర ఒక ప్రశ్న పుట్టుకొస్తుంది. టీ కొట్టు దగ్గర మొదలై, షేర్ ఆటో ఎక్కి, కారు అద్దాలు దించుకుని మరీ బయటికొస్తుంది: "పండగ పూటైనా ఈ లారీలు ఆపరా?" కొన్నాళ్లుగా ఈ మాట నన్ను వదలడం లేదు. అడిగేవాళ్లది బొత్తిగా అన్యాయమని అనలేం. చేతుల్లో రెండు సంచులు, భుజానికొకటి, చంకలో పిల్ల. వరంగల్ బస్సు ఎక్కడ ఆగుతుందో దేవుడికే ఎరుక. ఎదురుగా పద్నాలుగు టైర్ల బండి ఒకటి తాపీగా మలుపు తిరుగుతూ ఉంటుంది. ఆ క్షణాన మనకీ మన ఊరికీ మధ్య ఆ బండి తప్ప మరో అడ్డంకి లేదనిపిస్తుంది. అనిపించడం వేరు, లెక్క తేలడం వేరు. లెక్క తేలిస్తే, మనం వెళ్తున్న పండగంతా అలాంటి బండ్లలోనే వచ్చింది. తెచ్చినవాడికి మాత్రం అందులో వాటా లేదు. నా గోల మొత్తం ఇంతే, మిగతాదంతా సాక్ష్యం.

ముందు రోడ్డుకి అడ్డం పడ్డ నేరం చూద్దాం. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఆరు కిలోమీటర్ల పైచిలుకు ఎలివేటెడ్ కారిడార్‌కి 2018లో శంకుస్థాపన జరిగింది. ఆ తర్వాత వచ్చిన సంక్రాంతులు లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్లు చాలవు. గడువులు ఒకదాని వెనక ఒకటి దాటిపోయాయి గానీ, స్తంభాలు మాత్రం 163వ నంబరు జాతీయ రహదారి నడుమ కదలకుండా కాపురం పెట్టాయి. స్తంభానికి ఎవరూ హారన్ కొట్టరు. కొట్టినా కదలదని తెలుసు. లారీ కదులుతుంది కాబట్టి తప్పు దానిది. రోడ్డు మధ్యలో ఆగి జనాన్ని ఎక్కించుకునే ప్రైవేటు బస్సు తప్పు కాదు, ఐదుగురు పట్టే కారులో ఒక్కడే కూర్చుని అందరికన్నా గట్టిగా విసుక్కునే పెద్దమనిషి తప్పు అసలే కాదు. పైగా పగటిపూట నగరంలోకి భారీ లారీలకు నో ఎంట్రీ. రాత్రి పొద్దుపోయాక రావాలి, తెల్లారకముందే బయటపడాలి. ఏడాదికోసారి సూర్యుడు ధనుస్సు దాటి దర్జాగా మకరంలోకి ప్రవేశిస్తాడు. ఆ దారిలో ట్రాఫిక్ పోలీసులు లేరు కాబట్టి ముహూర్తం తప్పదు. అదే రోజు లారీ నాచారం గోదాములకి రావాలంటే ఊరి బయట ఇంజను ఆపి, అర్ధరాత్రి దాకా ఆవలిస్తూ కూర్చోవాలి.

ఇక పండగ లారీలో వచ్చిందన్న మాటకి రుజువు కావాలంటే సకినం చాలు. వరంగల్ రోడ్డు మొదట్లో ఉన్న మనకి సకినానికి మించిన సాక్షి దొరకదు. బియ్యప్పిండికి బియ్యం మిర్యాలగూడ మిల్లుల నుంచి వచ్చాయనుకుందాం. దాదాపు నూట యాభై కిలోమీటర్లు. నువ్వులు జగిత్యాల వైపు నుంచి; ఇంకో రెండొందలు. వేయించే నూనె పామాయిలైతే ఇండోనేషియాలోనో మలేషియాలోనో పుట్టి, ఓడెక్కి కాకినాడలో దిగి, అక్కడ శుద్ధి చేయించుకుని ట్యాంకరెక్కుతుంది, అదో ఐదొందలు. వాము సంగతే విచిత్రం. సకినానికి పట్టేది చిటికెడు. ఆ చిటికెడు కోసం రాజస్థాన్ నుంచో గుజరాత్ నుంచో బండి కదలాలి. మొత్తం కూడితే, అరచేతిలో పట్టే ఒక్క సకినం వెనక రెండు వేల కిలోమీటర్ల పైమాటే ఉంది. చుట్టాల్లో ఇంత దూరం నుంచి వచ్చేవాళ్లు ఎవరూ ఉండరు, వచ్చినా ఇంత కరకరలాడరు.

సకినాన్ని ఇక్కడితో వదిలేయొచ్చు. కానీ బొత్తిగా వదలబుద్ధి కావడం లేదు. అది కాలేది గ్యాస్ పొయ్యి మీద. ఆ సిలిండరు చర్లపల్లి వైపు ప్లాంటులో నిండి లారీలోనే గల్లీకి చేరింది. చల్లారాక పెట్టే స్టీలు డబ్బా లారీలోనే వచ్చింది, దాని మూత రాకపోతే దుకాణదారు చెప్పే సాకు కూడా లారీయే. అమెరికాలో ఉన్న అబ్బాయికి పంపాలంటే అట్టపెట్టె కావాలి, ఆ పెట్టె విమానం ఎక్కాలంటే ముందు ఏదో ఒక బండి ఎక్కి శంషాబాద్ పోవాలి. అంచేత డాలస్‌లో కూర్చుని సకినం కొరికే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు కూడా లారీ డ్రైవరుకి బాకీయే. కొన్ని సకినాలు మధ్యలో విరుగుతాయి కదా, అలా విరిగినందుకు కూడా లారీనే తిడతారా అంటే, తిడతారు. "ట్రాన్స్‌పోర్టులో విరిగినయ్" అనే మాట ఎక్కడిది మరి? చివరిగా ఒక్కటి: సకినం చూడండి, చుట్టు మీద చుట్టు, లోపలి చుట్టు దాటితే బయటి చుట్టు. హైదరాబాదు రోడ్లు కూడా అంతే, ఇన్నర్ రింగు, దాని చుట్టూ ఔటర్ రింగు. తేడా అల్లా, సకినం చుట్టేవాళ్లకి ఎక్కడ ఆపాలో తెలుసు.

ఇప్పుడు చట్టం దగ్గరికి వద్దాం. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం డ్రైవరు పనిని రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటలన్నది. చాలా మంచి మాట. ఆ పని గంటల సెక్షన్లోనే పండగ ప్రస్తావన కూడా ఉంది. చదివేవాడికి గుండె కరుగుతుంది: మన పార్లమెంటు డ్రైవరు పండగని మరిచిపోలేదు కదా అని. తీరా చూస్తే అక్కడున్నది ఇదీ: దూరాభారపు రూట్లలోనూ, పండగల్లాంటి సందర్భాల్లోనూ, అధికారి అనుమతిస్తే రోజుకి 10 గంటలు, వారానికి 54 గంటల దాకా పని చేయించుకోవచ్చు. అందరికీ పండగంటే పని తగ్గడం. అతనికి పండగంటే రెండు గంటలు పెరగడం. అదీ ఐదుగురు, అంతకు మించి పనివాళ్లున్న సంస్థలకే. ఒకటీ రెండూ బండ్లున్న చిన్న ఓనర్లే ఎక్కువగా ఉన్న ఈ వ్యాపారంలో ఆ చట్టం చాలామంది డ్రైవర్ల గడప తొక్కలేదు. 2025 నవంబరులో అది కొత్త కార్మిక స్మృతిలో కలిసిపోయింది. ఇక రోడ్డు మీద సంగతంటారా, సేవ్‌లైఫ్ ఫౌండేషన్ 2020లో విడుదల చేసిన సర్వేలో డ్రైవర్లు సగటున రోజుకి 12 గంటల దాకా నడుపుతున్నారని తేలింది. దాదాపు సగం మంది అలసటతోనూ, నిద్రమత్తులోనూ నడుపుతున్నామని ఒప్పుకున్నారు. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. సంతోషం. క్యాబిన్ చల్లబడింది గానీ గంటలు తగ్గలేదు.

అసలు తమాషా నాచారం చేరాక మొదలవుతుంది. జీఎస్టీ వచ్చాక సరుకు వెంట ఈ-వే బిల్లు ఉండాలి. 2021 నుంచి దాని ఆయుష్షు రెండు వందల కిలోమీటర్లకి ఒక రోజు. అనకాపల్లి బెల్లం ఆరొందల కిలోమీటర్లు వస్తే మూడు రోజులు. పంతంగి టోల్ గేటు దగ్గర ఊళ్లకెళ్లే కార్లు బారులు తీరినా, ఉప్పల్‌లో నో ఎంట్రీ పడినా, బిల్లు గడియారం ఆగదు. గడువు చాలకపోతే కారణం చూపించి పొడిగించుకోవాలి. అలా కిందా మీదా పడి భోగి ముందు రాత్రి మల్లాపూర్ మలుపు తిరిగి గోదాం ముందు బండి ఆపితే, వాచ్‌మన్ బయటికొచ్చి చల్లగా చెప్తాడు: "సేటు ఊరికి పోయిండన్నా. హమాలోళ్లు గూడ పోయిండ్రు. పండగ అయినంక దించుకుంటరు." హమాలీలను తప్పుపట్టలేం, వాళ్లకీ పండగే. సేటునీ తప్పుపట్టలేం, ఆయనకీ అత్తగారుంది. అందరి సెలవూ న్యాయమైనదే, అన్నీ కలిసి ఒక్కడి నెత్తిన పడతాయి. లోడు దిగదు, రిటర్న్ లోడు దొరకదు, బండి వదిలి కదలడానికి లేదు. బత్తా ట్రిప్పుకి ఇచ్చేచోట ఆగిన రోజుకి పైసా రాలదు. హాల్టింగ్ డబ్బుల గురించి ఓనరు, సేటు ఫోన్లో వాదించుకుంటారు. డ్రైవరు బండి నీడలో స్టవ్ మీద అన్నం వార్చుకుంటాడు.

ఇక్కడ అభ్యంతరాలు లేస్తాయి. మొదటిది: డ్రైవర్లలో చాలామంది పరాయి రాష్ట్రాల వాళ్లు, మన సంక్రాంతి వాళ్లకెందుకు? ఈ వాదన చేయడానికి ఉగాదో బతుకమ్మో ఎంచుకుని ఉంటే కాస్త నిలబడేది. సంక్రాంతి దగ్గర పప్పులుడకవు. ఆ రోజు ఉత్తరప్రదేశ్‌లో ఖిచిడీ, బీహార్‌లో అటుకులూ పెరుగూ, గుజరాత్‌లో గాలిపటాలు, తమిళనాడులో పొంగల్, పంజాబ్‌లో ముందు రాత్రే లోహ్రీ మంటలు. దేశమంతా ఒకే సూర్యుణ్ణి నమ్ముకున్న పండగ ఇది. నంబరు ప్లేటు ఏ రాష్ట్రానిదైనా లోపలున్నవాడి ఇంట్లో పొయ్యి వెలిగే ఉంటుంది. రెండోది: లారీల వల్ల ప్రమాదాలు. నిజమే, కాదనను. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. అందులో నిద్రలేని డ్రైవరు వాటా లేదని ఎవరూ అనరు. అయితే నిద్రలేని మనిషిని రోడ్డు పక్కకి తోసి ఇంకా ఆలస్యం చేస్తే అతని నిద్ర పెరగదు, తొందర పెరుగుతుంది. మూడోది: జీతానికే కదా చేస్తున్నాడు? అలాగే అనుకుందాం. పండగ స్పెషల్ పేరుతో ఆర్టీసీ ఒకటిన్నర రెట్లు చార్జీ తీసుకుంటే సణుగుతూనే ఇస్తాం, రద్దీ ధర అని ఒప్పుకుంటాం. లారీ కిరాయి పెరిగినా అది ఓనరు దగ్గరే ఆగుతుంది. బత్తాకి పండగ సంగతి తెలియదు. నాలుగోది: సరుకంతా రైల్లో వేస్తే పోలా? వేయండి, నేనే జెండా ఊపుతాను. కానీ దేశంలో మూడింట రెండు వంతులకు మించిన సరుకు రోడ్డు మీదే నడుస్తోంది. పైగా రైలు వచ్చి నాచారం గోదాం గుమ్మంలో ఆగదు.

లారీలు ఆపితే ఎలా ఉంటుందో ఊహించుకోవాల్సిన పని కూడా లేదు. ఒకసారి చూశాం. హిట్ అండ్ రన్‌కి పదేళ్ల దాకా జైలు అన్న కొత్త సెక్షన్‌కి వ్యతిరేకంగా 2024 జనవరి మొదట్లో డ్రైవర్లు బండ్లు పక్కన పెట్టారు. ట్యాంకర్లు కదల్లేదు. జనవరి 2న హైదరాబాదు పెట్రోల్ బంకుల ముందు వరసలు మలుపులు తిరిగాయి. చంచల్‌గూడ దగ్గర భోజనం పార్శిళ్లు అందించే కుర్రాడొకడు బైకు వదిలి గుర్రమెక్కాడు. దేశమంతా ఆ వీడియో చూసి నవ్వింది. ఆ రాత్రే ఢిల్లీలో చర్చలు జరిగాయి, ప్రభుత్వం తగ్గింది, ఆ ఏడాది జులైలో కొత్త చట్టం వచ్చినా ఆ ఒక్క భాగాన్ని అమల్లోకి తేలేదు. అప్పటికి సంక్రాంతి ఇంకా రెండు వారాల దూరంలో ఉంది. డ్రైవర్లు రెండు రోజులు సెలవు పెడితే మహానగరం గుర్రాల కాలానికి పోయింది. నాలుగు రోజుల పండగ సెలవు పెడితే ఎక్కడిదాకా పోతామో చరిత్రకారులు చెప్పాలి.

నవ్వులాట పక్కన పెడితే ఒకటి మాత్రం మనసులో మెలిపెడుతుంది. ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర సంచులతో నిలబడ్డ మనమూ, ఆ స్టీరింగ్ వెనకున్న మనిషీ ఒకే కారణానికి ఇల్లు వదిలినవాళ్లం. మనం బతుకుదెరువుకి ఊరొదిలి పట్నం వచ్చాం, ఏడాదికోసారైనా తిరిగి వెళ్తున్నాం. అతను బతుకుదెరువుకి ఊరొదిలాడు గానీ ఏ ఊరికీ రాలేదు. ఈ ఉప్పల్‌లోనే మనకి 2017లో మెట్రో వచ్చింది, రోడ్డు దాటడానికి 2023లో స్కైవాక్ వచ్చింది, పండగ రైళ్లకి 2025 జనవరిలో పక్కనే చర్లపల్లి టర్మినల్ వచ్చింది. అన్నీ కావలసినవే. అతని వంతుకి మాత్రం పూర్తికాని వంతెన స్తంభాల నీడ మిగిలింది.

కాబట్టి పండగ పూట లారీలు ఆపాలని అడిగేవాళ్ల పక్షాన్నే నేనూ చేరుతున్నాను. ఆపండి. ఆపే చోట ఒక యార్డు, అందులో నీళ్లు, మరుగుదొడ్డి, నడుం వాల్చడానికి ఒక గది ఉండేలా చూడండి. ఆగిన రోజుకి హాల్టింగ్ డబ్బు డ్రైవరు చేతికే ఇవ్వండి. ఇవన్నీ సర్కారు పనులు, ఓనర్ల పనులు, కాలం పడుతుందంటారా, సరే. నాచారం, మల్లాపూర్ గోదాముల సేట్లకి మాత్రం కాలం పట్టని పని ఒకటుంది. పండగకి ఏ రోజు తాళం వేస్తారో బండి అనకాపల్లిలో లోడు ఎత్తకముందే ఒక ఫోను చేసి చెప్పండి. ఆ ఒక్క ఫోనుతో ఒక మనిషి భోగి నాడు తన ఇంట్లో ఉంటాడు. మీ బెల్లం పండగ తర్వాత వచ్చినా ఏమీ పులిసిపోదు.