కెమిస్ట్రీ సారు కండువా

నేను కెమిస్ట్రీ చెప్పి బతికినవాణ్ణి. పెళ్లిలోనైనా, చావులోనైనా, రైతుబజారులోనైనా ముందు ఈ మాట చెప్పుకోకపోతే నాకు అన్నం అరగదు. సైన్సు తలకాయ ఉన్నవాళ్ల పని, కళ తీరిక ఉన్నవాళ్ల పని అని సర్వీసంతా నమ్మాను. ఎంపీసీ, బైపీసీ చదివినవాళ్లెవరైనా తామెప్పుడూ ఇలా అనుకోలేదంటే నేను నమ్మను.

ఈ జబ్బుతోనే పుట్టపాక వెళ్లాను. ఒకప్పుడు మా నల్లగొండ జిల్లాదే, ఇప్పుడు యాదాద్రి భువనగిరిలో ఉంది. 2020లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు పొందిన తేలియా రుమాలు నేసే ఊరు. ఓ పెద్దాయన కనిపించాడు. ఆముదం కాయల బూడిద నీళ్లలో నూనె కలిపి, నూలును నానబెట్టడం, పిసకడం, ఎండబెట్టడం, మళ్లీ నానబెట్టడం. రోజుల తరబడి అదే పని.

"పెద్దయ్యా, బూడిదలో ఉన్నది క్షారం. కాస్టిక్ సోడా వేస్తే గంటలో అయిపోతుంది" అని పాఠం మొదలుపెట్టాను.

ఆయన ఓపిగ్గా విన్నాడు. "మరి ఎరుపుకు పటిక, నలుపుకు ఇనుము పడితెనే రంగు నిలుస్తది. ఎందుకు సారూ?"

"వాటిని మోర్డెంట్లంటారు!"

"పేరు మంచిగుంది. ఎంత పొయ్యాలె?"

నేను వాచీ చూసుకున్నాను.

అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? తెల్ల కండువా కొని, నేతకు ముందే నూలుకు ముడులేసి రంగులద్దే చిటికి పనివాళ్లలాగే సైకిల్ ట్యూబు ముక్కలతో ముడులేసి, బకెట్లో కాస్టిక్ సోడా, బజార్లో దొరికిన ఎరుపు కలిపి ముంచాను. బామ్మర్ది కూతురి పెళ్లికి మెడలో వేసుకుని, "నేనే అద్దాను" అని కనిపించినవాడికల్లా చూపించాను. మే నెల, నల్లగొండ ఎండ, ఫంక్షన్ హాల్లో కరెంటు పోయింది, చెమట పట్టింది, ఎరుపు మెడ దిగింది, కాలరు దాటింది, పొట్టదాకా వచ్చింది, నేనేమో ఇంకా క్షారాల పాఠం దగ్గరే ఉన్నాను, బామ్మర్ది భార్య "అయ్యో, అన్నకు నెత్తురు కారుతుంది!" అని కేక పెట్టింది, నలుగురు ఎత్తి కుర్చీలో పడేశారు, ఎవరో అంబులెన్సుకు ఫోన్ కొట్టారు. మా ఆవిడ నింపాదిగా వచ్చి, నా మెడ మీద వేలితో రాసి చూసి, "నెత్తురు కాదు, సైన్సు" అంది.

నిజానికి పరిశోధన చేస్తున్నది ఆ పెద్దాయన. నూనె తగ్గితే ఏమవుతుంది, ఎండ పెరిగితే ఏమవుతుందని తరతరాలుగా చూసుకుంటూ వచ్చిన పని అది. నేను చేసింది కవిత్వం, అదీ ఛందస్సు లేనిది. చిటికి పనిలో బట్ట పుట్టకముందే గ్రాఫు కాగితం మీద గడులు లెక్కపెట్టి, ఏ దారం మీద ఏ రంగు ఎక్కడ పడాలో తేల్చాలి. గడులు తప్పితే ఏనుగుకు తోక దగ్గర తొండం మొలుస్తుంది. దీన్ని లెక్క అంటారా, బొమ్మ అంటారా? విడదీసి చూపించండి చూద్దాం.

అలా విడదీయలేని మరో మనిషి, ఆలేరు వైపు చింతకింది మల్లేశం, ఆరో తరగతితో బడి మానేశాడు. నేతకు ముందు నూలును సిద్ధం చేయడానికి చీరకు వేలసార్లు చెయ్యి ఆడిస్తూ ఆసు పోసే తల్లి భుజం నొప్పి చూడలేక, ఏళ్ల తరబడి తిప్పలు పడి, 1999లో ఆసు యంత్రం పూర్తి చేసి దానికి తల్లి పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన ఇంజినీరా, కళాకారుడా అని నేనిప్పుడు అడగను.

మీరు పుట్టపాక వెళ్తే కళ్లారా చూడండి, తెలియనిది అడగండి, ఓ రుమాలు కొనుక్కోండి. లెక్చర్ మాత్రం ఇవ్వకండి. మనందరి తరఫునా నేను ఇచ్చేశాను.