కరెంటు పెడితే నీళ్లు నిజం చెబుతాయట!

అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల జావా రానివాళ్లు దొరుకుతారేమో గానీ, టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాల లెక్క, తెలియనివాళ్లు దొరకరు. ప్రతి హాస్టల్లోనూ పెన్నులాంటి మీటరొకటి ఉంటుంది. గ్లాసులో ముంచడం, అంకె చూడడం, నీళ్లకు సచ్ఛీలత సర్టిఫికెట్ ఇచ్చేయడం.

ఇక ఫిల్టర్లు అమ్మే కుర్రాడి ప్రదర్శన చూసి తీరాలి. ఒక గ్లాసులో నల్లా నీళ్లు, ఇంకోదాంట్లో ఆర్వో నీళ్లు. రెండింట్లోనూ కడ్డీలు పెట్టి కరెంటు వదులుతాడు. నల్లా నీళ్లు బురదరంగుకు తిరుగుతాయి. “చూశారా ఆంటీ, ఇన్నాళ్లూ మీరు తాగింది ఇదే!” ఆంటీ అక్కడికక్కడే ఈఎంఐకి ఒప్పేసుకుంటారు. నిజానికి ఆ రంగు కరిగిన ఇనప కడ్డీది. ఆర్వో నీళ్లలో లవణాలు తక్కువ, కరెంటు సరిగా పారదు, కడ్డీ కరగదు. అందులో చిటికెడు ఉప్పు వేయమనండి, కుర్రాడి రంగూ మారుతుంది.

భయపడాల్సినవాటికి రంగూ రుచీ వాసనా ఉండవు. పిల్లల మెదడును, పెద్దల కిడ్నీలను దెబ్బతీసే సీసానికి మన ప్రమాణాల సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 0.01 మిల్లీగ్రాము. పదింతలున్నా మీటరులో అంకె కదలదు. డ్రైనేజీ ఇంకిన బోరులో చేరే నైట్రేటుకు హద్దు 45 మిల్లీగ్రాములు. మరిగిస్తే పోదు సరికదా, నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. ఆర్వో పొర బాగున్నన్నాళ్లూ వీటిని చాలావరకు ఆపుతుంది. ఆ పొర ఎప్పుడు మార్చారో ఓనరుకే గుర్తుండదు. అయినా మనకేం బెంగ? పంజాగుట్టలో నిమ్స్ ఉందిగా!

2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది మూర్ఛలతో కుప్పకూలితే, బాధితుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ తేల్చింది. ఆ సంగతి చెప్పింది ల్యాబు, పెన్ను మీటరు కాదు.

మన హాస్టల్ సంపు మాత్రం జలమండలి నల్లా, బోరు, ట్యాంకరు కలిసే త్రివేణీ సంగమం. పుణ్యతీర్థానికి పరీక్షలేమిటి? విచిత్రమేమిటంటే, ఇక్కడ వీధివీధికీ నేర్పేది సాఫ్ట్‌వేర్ టెస్టింగే. ఎక్కడో అమెరికా బ్యాంకు ప్రోగ్రాములో తప్పు పట్టగల కుర్రాడు, “అన్నా, బోరు నీళ్లకు ల్యాబ్ రిపోర్టు ఉందా?” అని ఓనరును అడిగాడనుకోండి.

“టీడీఎస్ యాభై ఉంది తమ్మీ, ఇంకేం గావాలె? నచ్చకుంటే ఎస్సార్ నగర్ పో. గాడికి గూడ గీ ట్యాంకరే వస్తది.”