చిఱుసీస పద్యానికి టీకా తాత్పర్యము

మూలము:

సీస కొరతఁ జూచి చిఱుసీస నొంపుమా
మూత బిగియఁ బెట్టి మొత్తమూఁపు
చీఁకటింట దాఁచి చిరకాల మోర్చిన
వాసికెక్కు రసము వాయువగుచు

ప్రతిపదార్థము: సీస = అరవై మిల్లీలీటర్లు పట్టగలిగియు యాభైకే ఆగిపోయిన పెద్ద సీసాయొక్క; కొరతన్ = మెడ క్రింద మిగిలిన పది మిల్లీలీటర్ల ఖాళీని; చూచి = కంటితోనే గాక లెక్కతోఁ గూడఁ జూచి; చిఱుసీసన్ = అంగడివారు నిక్ షాట్ అని పిలుచు పది మిల్లీలీటర్ల బుడ్డిని; ఒంపుమా = (ఓ వేపరీ!) చుక్క మిగల్పక వంపుము; మూతన్ = పిల్లలు విప్పరాదని చేసినదై పెద్దలకును ఒక పట్టాన లొంగని మూతను; బిగియన్ పెట్టి = బిగించి; మొత్తము = అడుగునున్నదియుఁ బైనున్నదియు; ఊఁపు = ఊఁపుము; చీఁకటింటన్ = మేజోళ్ల అరలో; దాఁచి = దాచిపెట్టి; చిరకాలము = (వివాదాస్పదము, క్రింద చూడుఁడు); ఓర్చినన్ = ఓర్చుకొన్నచో; రసము = జ్యూసు; వాయువు అగుచున్ = పొగ వలె కనఁబడు ఆవిరియై; వాసికిన్ ఎక్కున్ = పేరు తెచ్చుకొనును.

తాత్పర్యము: నికోటిన్ లేని పెద్ద సీసాలో నికోటిన్ ఉన్న చిన్న సీసా పోసి, బాగా ఊపి, వెలుతురు తగలని చోట ఊరనిస్తే మిల్లీలీటరుకు మూడు మిల్లీగ్రాముల నికోటిన్ ఉన్న జ్యూసు తయారవుతుంది.

విశేషములు: ఈ పద్యం బ్రిటన్ వైపు వేప్ (ఈ-సిగరెట్) దుకాణాల్లో పుట్టాలే గాని మన దగ్గర పుట్టే వీల్లేదు. పొగాకు బోర్డు గుంటూరులోనే ఉన్నా, ఆ గుంటూరులోనే ఈ చిఱుసీస అమ్మితే మొదటి తప్పుకు ఏడాది దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఈ-సిగరెట్లపై 2019లో వచ్చిన చట్టం తయారీని, దిగుమతిని, అమ్మకాన్నే కాదు, ప్రకటననూ నిషేధించింది. కాబట్టి ఇది కేవలం టీక అని మనవి.

'కొరత' అన్నది పద్యానికి ప్రాణం. కన్యాశుల్కంలో గిరీశం చదివే పద్యం ప్రకారం గరుత్మంతుడు అమృతం తెస్తుంటే జారిన చుక్క పొగచెట్టై మొలిచింది. ఈ కొరతకూ అలాంటి జన్మవృత్తాంతం ఉంది, కాకపోతే గరుత్మంతుడి స్థానంలో యూరోపియన్ యూనియన్. 2014లో అది చేసిన ఆదేశం 2016 మే 20న బ్రిటన్‌లో అమల్లోకి వచ్చింది. నికోటిన్ ఉన్న ద్రవాన్ని పది మిల్లీలీటర్లకు మించిన సీసాలో అమ్మకూడదు, మిల్లీలీటరుకు ఇరవై మిల్లీగ్రాములు దాటకూడదు అన్నారు. నికోటిన్ లేని ద్రవం సంగతి ఎత్తలేదు. వ్యాపారికి అంతకన్నా ఏం కావాలి? పెద్ద సీసాలో వాసనా తీపీ మాత్రమే నింపి, మెడ దగ్గర జాగా వదిలి, పక్కన చిఱుసీస పెట్టాడు. రెండూ విడివిడిగా చట్టబద్ధాలే, కలిపే పని మాత్రం కొన్నవాడిది. సీసా నిండలేదని దుకాణదారుతో తగాదా పడేవాడు ఈ శాస్త్రంలో ఓనమాలు రానివాడు.

2026 అక్టోబర్ 1 నుంచి అక్కడ పది మిల్లీలీటర్లకు 2 పౌండ్ల 20 పెన్నీల సుంకమని నిర్ణయించారు, నికోటిన్ ఉన్నా లేకున్నా. అరవైకి పన్నే 13 పౌండ్ల 20 పెన్నీలు. అప్పుడు 'జేబు కొరతఁ జూచి' అనే పాఠాంతరం పుట్టినా పుట్టవచ్చు. గణాలూ సరిపోతాయి, యతీ చెడదు.

'చూచి' అంటే లెక్క చూచి. చిఱుసీస మీద 18 అని, అంటే మిల్లీలీటరుకు 18 మిల్లీగ్రాముల నికోటిన్ అని, ఉంటుంది. అది పోస్తే సీసా అంతా పద్దెనిమిది అయిపోతుందేమోనని బెదిరే శిష్యుడికి సమాధానం: పదిని పద్దెనిమిదితో గుణిస్తే 180 మిల్లీగ్రాములు, దాన్ని అరవైకి పంచితే మిల్లీలీటరుకు 3. నూరు నింపిన నూట ఇరవై సీసాలో రెండు పోసినా మూడే. ఇక ఆశపోతు శిష్యుడు: "యాభైలోనే రెండు పోస్తే ఆరు కాదా గురువుగారూ?" కాదు నాయనా. మొత్తం డెబ్బై అవుతుంది, 360ని డెబ్బైకి పంచితే 5.14. పైగా అరవై పట్టే సీసాలో డెబ్బై పోస్తే మిగతా పది బల్ల మీద ఉంటుంది. ఆరు కావాలంటే నలభై మాత్రమే నింపిన సీసా కొనుక్కోవాలి. ఇంకో చిక్కు: ఒక షాటు పడుతుందని తెలిసే తయారీదారు వాసనను కాస్త ఘాటుగా కలుపుతాడు. రెండోది పడితే మామిడి రుచి మామిడి చెట్టు నీడంత పలచబడుతుంది. షాట్లలోనూ రకాలున్నాయి: మామూలు నికోటిన్ గొంతు గీరుతుంది. బెంజోయిక్ ఆమ్లం లాంటిదానితో కలిపిన సాల్ట్ రకం మెత్తగా దిగుతుంది గనుక ఎంత పీల్చామో తెలియదు.

'మొత్తమూఁపు' అనడంలో కవి దూరదృష్టి ఉంది. జ్యూసులోని గ్లిజరిన్ పాకంలా చిక్కన, సాంద్రత 1.26. నికోటిన్ దాదాపు నీళ్లంత తేలిక. ఊపకుండా వదిలేస్తే ఒక గుక్కకు తల తిరుగుతుంది, మరో గుక్క చప్పగా ఉంటుంది. గోరువెచ్చని నీళ్లలో సీసాను కాసేపు నిలబెడితే గ్లిజరిన్ పలచబడి మాట వింటుంది. నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి పోతుంది, చేతుల మీద ఒలికితే వెంటనే కడుక్కోవాలి, పసిపిల్లలకు అందనివ్వకూడదు. ఈ మాట పద్యంలో లేకపోవడానికి కారణం గణాలు చాలకపోవడమే. టీకాకారుడికి ఆ ఇబ్బంది లేదు.

ఇక 'చిరకాలము'. ఇక్కడ సంప్రదాయాలు చీలాయి. పళ్లు, పుదీనా శాఖవారికి ఒక రాత్రి చాలు. కస్టర్డ్, వెనిల్లా, పొగాకు శాఖవారు రెండు మూడు వారాలకు తక్కువ ఒప్పుకోరు. ఆవకాయ మూడోనాడు తిరగకలిపినట్టు రోజూ ఒకసారి సీసా తీసి ఊపి మళ్లీ దాస్తారు. వీరిది వట్టి మూఢనమ్మకమని కొట్టెయ్యలేం. వెనిల్లిన్ లాంటి ఆల్డిహైడ్లు జ్యూసులోని ప్రొపిలీన్ గ్లైకాల్‌తో నెమ్మదిగా కలిసి ఎసిటాల్ అనే కొత్త పదార్థాలవుతాయి, దానికి రోజులు పడుతుంది. మూత తీసి గాలాడనివ్వాలనే ఉపశాఖ ఒకటుంది. ఘాటైన ఆల్కహాలు ఎగిరిపోతుందని వీరి వాదం. నిజమే గాని, దాంతోపాటు సువాసనా ఎగిరిపోతుంది, గాలి తగిలిన నికోటిన్ గోధుమ రంగుకు తిరుగుతుంది. రంగు ముదిరింది కాబట్టి రుచి ముదిరిందనడం తలనెరిసింది కాబట్టి పండితుడనడమే. నగలు కడిగే అల్ట్రాసోనిక్ యంత్రంలో సీసా పెట్టి మూడు వారాలను మూడు గంటలు చేద్దామనే ఆతురపరులూ ఉన్నారు. వేడి నికోటిన్‌కు పడదు. ఈ టీకలో వారికి చోటు లేదు.

నా మతం చెప్తాను. ఈ ఓర్పంతా ఇంట్లో మూలద్రవ్యాలు కొని సొంతంగా కలుపుకునేవారి ఆచారం. రెడీమేడ్ సీసా ఫ్యాక్టరీలోనూ, లారీలోనూ, దుకాణపు అలమరలోనూ ఊరి ఊరి మన చేతికొస్తుంది. కొత్తగా పడేది చిఱుసీస ఒక్కటే, దానికి సొంత రుచి లేదు. బాగా ఊపి, ఒక రాత్రి వదిలి, మర్నాడు ఇంకోసారి ఊపితే సరిపోతుంది. కస్టర్డ్ అయితే వారం ఇవ్వండి, కాదనను.

దీనికి కస్టర్డ్ శాఖవారి ఆక్షేపణ: మూడో వారంలోనే అసలు రుచి పండుతుందని మా అనుభవం. ఒప్పుకుందాం. ఆ మూడు వారాలూ రుచి చూద్దామని రోజుకు కాస్త పీల్చినవాడి సీసాలో మూడో వారానికి మిగిలేదేమిటి? ఈ ధర్మసంకటానికి దుకాణదారుల సంప్రదాయంలో పరిహారం ఉంది. ఒకేసారి రెండు కొనాలట.