ఛాయాగ్రహణ సూత్రాలకు ‘కంటితుడుపు’ వ్యాఖ్య

మూలం: పనిచోట నిలిచి, యంత్రమెత్తి, స్థానసంకేతము వచ్చుదాక ఓర్చి, జనుల ఛాయను గ్రహించి పైకి పంపవలెను. పంపని దినము పనిలేని దినము. మధ్యాహ్నమును మరల నట్లే.

అవతారిక. ఈ సూత్రాల కర్త ఎవరో నిర్ణయించడం కష్టం. వేదాలు అపౌరుషేయాలని మీమాంసకులు అన్నారు గాని, వారు ప్రభుత్వ ఉత్తర్వులు చదివి ఉండరు. ‘ఆదేశించడమైనది’, ‘తగు చర్య తీసుకొనబడును’ అనే వాక్యాల్లో ఎంత గాలించినా మనిషి దొరకడు. కనుక మూలాన్ని అపౌరుషేయంగానే ఎంచి, అందుకు తగిన భయభక్తులతో వ్యాఖ్యానిస్తున్నాం. ఉపాధి హామీ పనులకు 2021 మేలో వచ్చి, 2023 జనవరి 1 నుంచి వ్యక్తిగత లబ్ధిదారుల పనులు మినహా అన్ని చోట్లా తప్పనిసరైన ఎన్‌ఎంఎంఎస్ అనే హాజరు యాప్ ఇందులోని విషయం. రోజుకు రెండుసార్లు కూలీలను గుంపుగా ఫోటో తీసి, వేళా చోటూ ముద్రపడేటట్టు పంపాలి. ఉత్తర్వుల సారాన్ని సూత్రాలుగా కుదించిన పాపం మాత్రం వ్యాఖ్యాతది. నిజామాబాదు జిల్లా రెంజల్, ఎడపల్లి, వర్ని, కోటగిరి మండలాల్లో చెరువు పూడిక తీసే ఆడవాళ్లకు ఈ సూత్రాలు ఇప్పటికే కంఠస్థం. వారికి వ్యాఖ్య అక్కర లేదు. అక్కర ఉన్నవారు ఏసీ గదుల్లో ఉన్నారు.

వ్యాఖ్యకు పేరు పెట్టడం ఈ ప్రాంతపు ఆచారం. నిజామాబాదుకు ఆనుకొని ఉన్న మెదకు సీమలోని కొల్చారం, కొలాచల మల్లినాథసూరి ఊరని ప్రసిద్ధి. కాళిదాసు కావ్యాలకు ఆయన రాసింది సంజీవని, భారవికి ఘంటాపథం, మాఘుడికి సర్వంకష, శ్రీహర్షుడి నైషధానికి జీవాతువు. మూలంలో లేనిది రాయననీ, అక్కర లేనిది చెప్పననీ ఆయన ఒట్టు పెట్టుకున్నాడు. దేశమంతా కాళిదాసును ఈ తెలుగాయన కళ్లతో చదవడానికి ఆ ఒట్టే కారణమని మా నమ్మకం. ఆయన ఒక శ్లోకం మీద చెయ్యి వేస్తే అన్వయం విడదీస్తాడు, కోశం చూపిస్తాడు, వ్యాకరణ సూత్రం తగిలిస్తాడు, అలంకారం పేరు చెప్పి తప్పుకుంటాడు. ప్రజ్ఞ చూపడానికి ఎక్కడా నిలబడడు. ఈనాడు ఒక మొక్క నాటి పదిమందిని చుట్టూ నిలబెట్టి ఫోటో దిగేవారికి ఆయన జీవితం పాఠ్యాంశంగా పెట్టవచ్చు. ఆ ఒట్టులో మొదటి సగాన్ని ఈ వ్యాఖ్య పాటిస్తుంది. రెండో సగం మా వల్ల కాదు.

‘యంత్రమెత్తి’. యంత్రమంటే సెల్‌ఫోన్ అని చెప్పి దాటిపోవడం తేలిక. తేలిక అర్థాలు వ్యాఖ్యాతకు పరువు తక్కువ కాబట్టి దాని వంశం చెబుతున్నాం. ఫోన్లకు కళ్లు రాకముందు జేబులో పట్టే ఎలక్ట్రానిక్ డైరీలు ఉండేవి. పామ్ కంపెనీని 1998లో విడిచి వచ్చిన జెఫ్ హాకిన్స్, డోనా డుబిన్‌స్కీలు హ్యాండ్‌స్ప్రింగ్ పెట్టి, 1999లో వైజర్ అనే డైరీని తెచ్చారు. దాని వీపున ఒక గాడి. 2000లో ఆ గాడిలో దూర్చే చిన్న కెమెరా వచ్చింది, పేరు ఐమాడ్యూల్. అదే కాలంలో పామ్ డైరీల అడుగున తగిలించే పామ్‌పిక్స్‌ను కొడాక్ తెచ్చింది. ఐమాడ్యూల్ తీసే రంగుల బొమ్మ 320 చుక్కల వెడల్పు, 240 చుక్కల ఎత్తు. చూపించే తెర 160కి 160, అదీ నలుపు తెలుపుల్లో. రంగు చూడాలంటే డైరీని పీఠం మీద పెట్టి కంప్యూటర్‌తో కలపాలి. ఇంత అల్పమైన పరికరంలోనూ ఒక శాస్త్రీయ మర్యాద ఉంది. కెమెరా పీకేస్తే డైరీ చెడిపోదు. చిరునామాలు ఉంటాయి, తేదీలు ఉంటాయి, బాకీల లెక్క ఉంటుంది. తగిలించింది తగిలించినట్టే ఉండి, ఇంటిపెత్తనం అడగలేదు.

మీమాంసలో దీనికే శేషశేషి భావమని పేరు. మీమాంసా సూత్రాల కర్త జైమిని మూడో అధ్యాయం నిండా ఇదే విచారం: ఏది దేనికి అంగం, ఏది ప్రధానం. తేల్చడానికి ఆరు ప్రమాణాలు చెప్పాడు: శ్రుతి, లింగం, వాక్యం, ప్రకరణం, స్థానం, సమాఖ్య. రెండింటికి తగవు వస్తే ముందుది గెలుస్తుంది, వెనకది ఓడుతుంది. ఇప్పుడు మన సూత్రంలోని ‘స్థానసంకేతము’ చూడండి. ఆరింటిలో అయిదోదైన స్థానాన్ని తెచ్చి సింహాసనం మీద కూర్చోబెట్టారు. మరి శ్రుతి ఏమంటోంది? 2005 నాటి చట్టమే ఇక్కడ శ్రుతి. పని అడిగిన గ్రామీణ కుటుంబానికి ఏడాదికి 100 రోజుల పని, చేసిన పనికి పక్షం దాటకుండా కూలి అని దాని మాట. చేసినదానికి కూలి అంది, ఫోటో దిగినదానికి అనలేదు. సక్రమ క్రమంలో కెమెరా ఫోన్‌కు అంగం, ఫోన్ హాజరుకు అంగం, హాజరు మస్టరుకు, మస్టరు కూలికి, కూలి ఇంట్లో పొయ్యికి. మన ఛాయాగ్రహణ సూత్రకారుడు ఈ వరసను బోర్లించాడు. ఇప్పుడు పొయ్యి కూలి కోసం ఆగుతుంది, కూలి మస్టరు కోసం, మస్టరు ఫోటో కోసం, ఫోటో సిగ్నల్ కోసం. సిగ్నల్ ఎవరి కోసమూ ఆగదు.

‘పంపని దినము పనిలేని దినము’. ఇది అభావాన్ని నిరూపించబూనిన సూత్రం గనుక అభావం ఎలా తెలుస్తుందో విచారించాలి. కొండ మీద పొగ ఉంది, కాబట్టి నిప్పు ఉందనే అనుమానం అందరికీ తెలుసు. పొగ లేదు, కాబట్టి నిప్పు లేదని అనవచ్చా? తార్కికులు ఒప్పుకోరు, ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పుంది, పొగ లేదంటారు. మరి బోధన్ శక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టాన్ని చూసి అది నడవడం లేదని ఊరంతా ఎలా చెప్పింది? భాట్ట మీమాంసకులు ఇందుకు అనుపలబ్ధి అనే ఆరో ప్రమాణాన్ని ఒప్పుకున్నారు, ఒక షరతు మీద. కనబడదగిన వస్తువు, కనబడే పరిస్థితి ఉండి కూడా కనబడకపోతేనే అది లేదని అర్థం. వెలుతురులో కుండ కనబడకపోతే కుండ లేదు. చీకట్లో కనబడకపోతే లేనిది కుండ కాదు, దీపం. శక్కర్‌నగర్‌లో షరతు పూర్తిగా తీరింది. మంజీర మీద 1923లో మొదలై 1931లో ముగిసిన నిజాంసాగర్ నీళ్లు చెరకును పండించాయి. ఆ చెరకును ఆడించడానికి 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఆసియాలోనే పెద్దదని ఒకప్పుడు గొప్పగా చెప్పుకునేవారు. చెరకు ఆడే కాలం వస్తే బండ్ల బారు కనబడాలి, ట్రాక్టర్లు కనబడాలి, మొలాసిస్ వాసన ఊరు దాటాలి, షిఫ్టు సైరను వినబడాలి, సాయంత్రం బజారులో జీతం డబ్బు తిరగాలి. ఇవన్నీ దాగలేని వస్తువులు. 2002లో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో లేఆఫ్ పెట్టి బోధన్‌తో పాటు ముత్యంపేట, ముంబోజిపల్లి యూనిట్లనూ ఆపేశారు. బారు లేదు, వాసన లేదు, సైరను లేదు, బజారులో ఆ డబ్బు లేదు. కాబట్టి ఫ్యాక్టరీ నడవడం లేదు. దీనికి ఎవరూ ఫోటో అడగలేదు. అడిగినా లాభం ఉండేది కాదు. మూసిన మర్నాడు తీసిన ఫోటోలోనూ గొట్టం నిట్టనిలువుగానే ఉంటుంది. సెలవురోజు తీసినదానికీ దానికీ తేడా పట్టడం ఎవరి తరం? కెమెరా ఉన్నదాన్ని పడుతుంది. లేకుండా పోయినదాన్ని పట్టలేదు. తెరిపించే మార్గం చూడమని 2024 జనవరిలో మంత్రి శ్రీధర్‌బాబు అధ్యక్షతన కమిటీ వేశారు. చెరకు మానేసి వరికీ సోయాకూ మళ్లిన రైతు మాత్రం తన అనుపలబ్ధిని కమిటీ కంటే ఎనిమిదేళ్ల ముందే నిర్ధారించుకున్నాడు.

ప్రకృతం మరిచాం. ఎన్‌ఎంఎంఎస్ చేసే అభావ నిరూపణకు ఆ షరతు తీరుతుందా? సర్వర్‌లో ఫోటో కనబడలేదు, కాబట్టి మనిషి పనికి రాలేదు అంటున్నారు. అది చీకట్లో కుండ వెదకడం. సిగ్నల్ లేకపోయినా ఫోటో కనబడదు, సర్వర్ మొరాయించినా కనబడదు, హాజరు వేసే మేట్ ఫోన్‌లో చార్జింగ్ అయిపోయినా కనబడదు. ఈ దోషాలన్నీ యంత్రానివి, లేమి మాత్రం కూలీ ఖాతాలో పడుతోంది. పైగా ఆ ఫోన్ మేట్‌ది, అందులో డేటాకు పెట్టే డబ్బూ మేట్‌దే. కందకంలో పార పట్టినామె ఒంటి మీద మట్టి ఉంది, పక్కామె సాక్ష్యం ఉంది, తవ్విన గుంత కళ్లెదుట ఉంది. అయినా ఆమె ఆనాడు లేదు. ఇంత సాహసమైన శూన్యవాదం నాగార్జునుడు కూడా చేయలేదు.

ఇక్కడ పూర్వపక్షి లేచి అంటాడు: ‘దొంగ మస్టర్లు లేవా? రాని మనుషుల పేర్ల మీద డబ్బు తినలేదా? ఫోటో దానికి మందు.’ దొంగ మస్టర్లు ఉన్నాయి. కాదనే ధైర్యం మాకు లేదు. మందు పనిచేసిందా అన్నదే ప్రశ్న. 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు లేఖ రాసి, యాప్‌లోకి సంబంధం లేని ఫోటోలు ఎక్కుతున్నాయనీ, ఫోటోను చూపించి ఫోటో తీస్తున్నారనీ, పొద్దుటి మనుషులకూ మధ్యాహ్నపు మనుషులకూ పొంతన లేదనీ, లెక్కలో ఉన్నంతమంది బొమ్మలో లేరనీ ఒప్పుకుంది. ఆ ఫోటోలను గ్రామపంచాయతీలో మనుషులే నూటికి నూరూ సరిచూడాలని కట్టడి చేసింది. మనిషి కంటిని నమ్మలేక కెమెరా పెట్టారు. కెమెరాను నమ్మలేక మళ్లీ మనిషి కంటినే పిలిచారు. మీమాంసకులు ప్రతినిధి ద్రవ్యానికి ఒక నియమం పెట్టారు. వ్రీహి ధాన్యం దొరకనప్పుడే నీవారమనే అడవి ధాన్యం వాడాలి, దొరికితే కూడదు. కన్ను దొరుకుతూనే ఉన్నప్పుడు దాని బదులు కెమెరాను వాడిన యజ్ఞం ఇలాగే ముగుస్తుంది.

కళ్లు ఎక్కడ దొరుకుతాయని మళ్లీ అడుగుతాడేమో. రెండు చోట్ల. ఒకటి గుంత. ఈ పథకంలో కూలి కొలతను బట్టి కడతారు; 2025-26కు తెలంగాణలో నిర్ణయించిన రోజు రేటు 307 రూపాయలు, తవ్వింది తక్కువైతే చేతికి వచ్చేదీ తక్కువే. టెక్నికల్ అసిస్టెంట్ టేపు పట్టి పొడవు, వెడల్పు, లోతు రాసుకుంటాడు. గుంత ఉండి ఫోటో లేకపోతే పని జరిగినట్టే, ఫోటో ఉండి గుంత లేకపోతే జరగనట్టే. ఈ రెండు వాక్యాల తర్వాత ఫోటోకు మిగిలిన ప్రయోజనం ఏమిటో పూర్వపక్షి చెప్పాలి. రెండోది ఊరు. చట్టంలోని 17వ సెక్షను సామాజిక తనిఖీ పెట్టింది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అందులో దేశానికే దారి చూపింది. గ్రామసభలో మస్టరు పైకి చదువుతారు. ‘ఫలానా ఆమె ఆ వారం పనికి పోయిందట’ అనగానే ‘ఆమె అప్పుడు కాన్పుకు తల్లిగారింటికి పోయింది గదా’ అని నలుగురు అందుకుంటారు. ఆప్తవాక్యం ప్రమాణమని న్యాయసూత్రాల్లో గౌతముడు చెప్పింది ఇలాంటి చోటుకే. ఈ తనిఖీకి కావలసింది మనుషులు, తిరుగుడు, ఓపిక, దొరికిన దొంగ మీద చర్య. ఖర్చూ తలనొప్పీ ఉన్న పనులు. యాప్‌కు రెండూ లేవు, అందుకే అది అంత ముద్దు.

చివరి పూర్వపక్షం బలమైనది: ‘మీకు యంత్రమంటేనే గిట్టదు.’ గిట్టని యంత్రమేదీ మాకు లేదు. ఇదే రాష్ట్రంలో, అది ఉమ్మడిగా ఉన్నప్పుడు, ఉపాధి కూలినీ పింఛన్లనూ స్మార్ట్‌కార్డుతో చెల్లించారు. చేతిలో పట్టే యంత్రం, దానికి వేలిముద్ర పలక, ఊళ్లోనే ఇచ్చే మనిషి. మన గోదావరి అవతలి ఆదిలాబాద్‌తో సహా 8 జిల్లాల్లోని 157 మండలాలను కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖతంకర్ పరిశీలించి 2016లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో రాశారు: చెల్లింపు త్వరపడింది, పక్కదారి పట్టే డబ్బు తగ్గింది. అదీ తగిలింపు యంత్రమే. తేడా ఎక్కడ? రెండేళ్లకు అటూ ఇటుగా సగం చెల్లింపులే కార్డు దారిలోకి వచ్చాయి. కార్డు లేనివారికి పాత దారి మూయలేదు. అంగం కుదిరినచోట కుదిరింది, కుదరనిచోట ప్రధానం ఆగలేదు. జైమిని ఆరో అధ్యాయంలో చెప్పిన భేదమే ఇది. స్వర్గమో పుత్రుడో కావాలని చేసే కామ్యకర్మలో ఒక్క అంగం తప్పినా ఫలం రాదు. అగ్నిహోత్రం లాంటి నిత్యకర్మను చేతనైనన్ని అంగాలతో చేస్తే చాలు. పెరుగు దొరకలేదని మానడానికి వీల్లేదు. చట్టం పేరులోనే ‘హామీ’ ఉంది గనుక ఉపాధి కూలి సర్కారుకు నిత్యకర్మ. ఫోటో అనే అంగం లోపిస్తే అధికారి ప్రాయశ్చిత్తంగా పనిచోటుకు వచ్చి గుంత కొలుచుకోవాలి. వర్ని నుంచి ఆ చెరువు ఎంత దూరం? కూలిని కామ్యకర్మ చేసి, ఒక్క అంగం తప్పిందని ఫలం ఎగ్గొట్టడం శాస్త్రానికే కాదు, చట్టానికీ విరుద్ధం. ఈ మాట చెప్పడానికి జైమిని దాకా పోవలసి రావడం మా దౌర్భాగ్యం. పస్తున్న ఇల్లాలి మాట వినని చోట పండితుడి మాటైనా వింటారేమోనని.

‘మధ్యాహ్నమును మరల నట్లే’. చిన్న సూత్రం, వ్యాఖ్య కూడా చిన్నదే. ఎండాకాలంలో పూడికతీత తెల్లవారుజామున మొదలవుతుంది. ఎండ ముదిరేలోపు ఇచ్చిన కొలత తవ్వేసి ఇంటికి పోయి బీడీలు చుట్టుకుందామని ఆడవాళ్ల లెక్క. పని అయిపోయింది, రెండో ఫోటో వేళ కాలేదు. పోతే హాజరుకు ముప్పు. కాబట్టి తవ్విన గుంత పక్కనే, తుమ్మచెట్టు నీడ దొరికితే నీడలో, లేకపోతే కొంగు నెత్తిన వేసుకుని కూర్చోవాలి. ఆ కూర్చున్న గంటలను టెక్నికల్ అసిస్టెంట్ టేపుతో కొలవలేడు, కొలతలో లేనిదానికి కూలి లేదు.