నెలకో రాయట!

మా ఖానాపూర్ల ఏ పోరిని అడిగినా "తాతా, నాది జూన్ నెల, నా రాయి ముత్యం" అంటది. ఎవరు చెప్పిన్రు బిడ్డా? 1912ల అమెరికా నగల వ్యాపారులు కాన్సాస్‌ల కూడి ఖాయం చేసిన పట్టీ అది. సరుకు అమ్ముకునేటోళ్ల లెక్క, పంచాంగం కాదు. 1967ల టాంజానియాల బయటపడ్డ టాంజనైట్‌ను 2002ల డిసెంబర్ కిందికి చేర్చిన్రు. రాళ్లు పెరిగినకొద్దీ పట్టీ పెరుగుతది.

మా రోజుల్ల నక్షత్రం, రాశి, నడిచే దశ చూసి అయ్యగారు రాయి చెప్తుండె. చంద్రుడు ఒక్కో రాశిల రెండుంబావు దినాలే ఉంటడు, జూన్ ఒక్క నెలలనే పన్నెండు రాశులు తిరిగొస్తడు. అందరికీ ఒక్కటే ముత్యం ఎట్లయితది? ముత్యం చంద్రునిది, కెంపు సూర్యునిది, పగడం కుజునిది, నీలం శనిది. నీలమైతే ఊకెనే పెట్టుకోకుండిరి. కొన్ని రాత్రులు తలగడ కింద పెట్టుకొని, మంచి కలలొస్తేనే ఉంగరం చేయిస్తుండిరి. గంత నిదానం ఉండె. ఇప్పుడు ఫోన్ల నొక్కుడు, వేలికి పెట్టుడు.

జనవరి రాయి గార్నెట్ అంటే ఏదో సీమ సరుకనుకుంటరు. మన కొత్తగూడెం దిక్కు గరీబ్‌పేటల దొరికేదే. రాహువు గోమేదికం గూడ ఆ జాతిదే.

అయినా రత్నాలు ఎందరింట్ల ఉండె? మాకు పూసలే సొమ్ము. పూసలోళ్ల ఆడోళ్లు నెత్తిన గంపతోని వాకిట్లకు వస్తుండిరి. సూదులు, పిన్నీసులు, నల్లపూసలు అన్నీ అండ్లనే. పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతరకు పోతే, గోండు ఆడోళ్ల మెడల పూసల దండలు చూసుకుంట మా నాయనమ్మకు కాళ్లు ముందటికి పడకుండె.

ఆమె గుచ్చుతుంటే చూడాలె. పూసలు దొర్లకుండ పళ్లెంల బట్ట పరిచేది. పెద్ద పూస నడుమ పెట్టి, రెండు దిక్కుల చిన్నవి వరుసగ పేర్చి, కంటికి ఆనినంకనే దారానికి మైనం రుద్దేది. ముత్యాలైతే ఒక్కోదాని నడుమ ముడి వేసేది. దారం తెగినా ఒక్కటే రాలుతది, ఒకదానికొకటి ఒరుసుకొని గీతలు పడవు. మీరేమో రంగు నచ్చిందని ఎక్కించుకుంట పోతరు, సగంల రెండు దిక్కులు కుదరక అంతా విప్పుతరు. మీ నైలాన్ దారం మా నూలు దారం కన్నా గట్టిదే, ఆ ఒక్కటి ఒప్పుకుంట.

నేర్చుకోవాలంటే గాజుపూసలతోని మొదలుపెట్టు బిడ్డా, ఖరీదు రాయి తర్వాత. మెడకు సరిపోను దారం కోసుకోకు, ముడులు చాన తింటయి. రెండింతలు ఉంచుకో.