బండి షెడ్డు దాటి రాకూడదంటే ఏ భాగానికి ఏ పూత?

ఇంట్లో పాత ఆరెక్స్ హండ్రెడ్ ఉన్నవాళ్లు అదృష్టవంతులు. 1985లో మన రోడ్ల మీదికి వచ్చి 1996లో తయారీ ఆగిపోయిన బండి అది. సామాన్లు దొరకడం లేదంటే ఎవరైనా నమ్ముతారు. నడిచే బండి ఉన్నవాడికి ఆదివారం అంటూ ఉండదు. బావమరిది తాళం అడుగుతాడు, అత్తయ్యగారిని బస్టాండులో దింపాలి, పిండిమరకు పోవాలి. అదే "బండి పెయింటింగ్‌కి ఇచ్చాం" అంటే ఎవరూ మారుమాట్లాడరు. ఒక్కో భాగానికి నప్పని పూత చూసి వేయించారంటే ఈ హాయి ఏళ్లతరబడి మీదే.

1. ముందు బండంతా ఒకేసారి విప్పించండి. ఫొటోలు తీయొద్దు, బోల్టులకు చీటీలు కట్టొద్దు. అన్నీ ఒకే గోనెసంచిలో పోయండి. ఏది ఎక్కడిదో వెతకడానికే ఓ ఎండాకాలం గడిచిపోతుంది.

2. తుప్పు జోలికి పోకండి. కష్టమంతా రంగు వేయకముందే ఉంటుంది. తుప్పు గీకాలి, జిడ్డు తుడవాలి, ఉప్పుకాగితం పట్టాలి, ప్రైమరు ఆరనివ్వాలి. ఇవేవీ వద్దు. తుప్పు మీదే నిగనిగలాడే నల్లరంగు కొట్టించండి. లోపల తుప్పు తన పని తాను చేసుకుపోతుంది. వానాకాలం వచ్చేసరికి రంగు బొబ్బలెక్కి పెచ్చులూడుతుంది. విశాఖ, కాకినాడ వాళ్లకు ఉప్పుగాలి కూడా తోడు, ఇంకా తొందరగా అవుతుంది. షెడ్డుకు రెండో విడత ఖాయం.

3. ఛాసీకి పౌడర్ కోటింగ్ చెప్పండి. ఇన్ని అవకాశాలున్న పూత మరొకటి లేదు. కరెంటు ఛార్జితో పొడిని ఇనుముకు అంటించి, ఓవెన్‌లో 180 నుంచి 200 డిగ్రీల దాకా కాల్చి గట్టిపరుస్తారు. కాబట్టి రబ్బరు బుష్‌లు తీయకుండానే పంపండి, శుభ్రంగా మాడిపోతాయి. సొట్టలు మామూలు లప్పంతో నింపండి, ఆ వేడికి అది పగిలి ఊడుతుంది. థ్రెడ్డింగుకు, బేరింగులు కూర్చునే చోట్లకు టేపు వేయాలా అని కుర్రాడు అడుగుతాడు. "అక్కర్లేదు బాబూ, అంతా నిండుగా కొట్టు" అనండి. ఈ పొర మామూలు రంగు కంటే మందం. బోల్టు ఎక్కదు, బేరింగు దిగదు. ఎర్తు వైరు బిగించే చోటు కూడా పూతలో మునిగితే లైటు వెలగదు, హారను మోగదు. ఎలక్ట్రీషియన్ బల్బులు మారుస్తాడు, బ్యాటరీ మారుస్తాడు, వైరింగంతా విప్పుతాడు. రంగు కింద వెతకాలని అతనికి తట్టేదాకా మీకు సెలవే.

4. సైలెన్సరుకూ అదే పౌడర్ వేయించండి. ఇంజిను దగ్గరి వంపులో ఉండే వేడికి అది రంగు మారి, మాడి రాలిపోతుంది. దుకాణంలో 600 డిగ్రీలు తట్టే రంగు చూపిస్తే ఖరీదెక్కువని చెప్పి వచ్చేయండి.

5. మడ్‌గార్డులకు మాత్రం క్రోమే. ఇక్కడ నాకు పక్షపాతం ఉంది, దాచుకోను. చూసినవాడి నోరు మూయించే పూత ఇంకోటి లేదు. మంచి పనివాడు కింద రాగి, నికెల్ పొరలు వేసి, పైన మైక్రాన్ కూడా లేని క్రోమియం పొర ఇస్తాడు. మెరుపు పైదే అనిపించినా తుప్పును ఆపే బరువంతా నికెల్ మోస్తుంది. అందుకని బేరం నికెల్ దగ్గరే ఆడండి. "అది కనపడదు కదా, పలచగా వేసి రేటు తగ్గించు" అంటే చాలు. బఫింగూ వద్దనండి. గుంటలను ప్లేటింగు దాచదు, ఉన్నవి ఉన్నట్టే మెరిపిస్తుంది. తెచ్చిన రోజు అందరికీ చూపించి, గోధుమరంగు చుక్కలు తేలగానే వెనక్కి పంపండి.

6. స్టీలు స్టాండుకు అనోడైజింగ్ కావాలని పట్టుబట్టండి. అది అల్యూమినియం, టైటానియం లాంటి లోహాలకే కుదురుతుంది, స్టీలుకు ఎవరూ చేయరు. వారానికో షాపు తిరగండి. ఇంట్లో వాళ్లకు మీ శ్రద్ధ కనిపిస్తుంది, దారిలో టీ దొరుకుతుంది.

7. హై టెన్సైల్ బోల్టులకు జింక్ ప్లేటింగు అయ్యాక కొన్ని గంటలు ఓవెన్‌లో పెట్టాలంటారు, ఉక్కులోకి దూరిన హైడ్రోజన్ పోవడానికి. ఆ పని ఎగ్గొట్టండి. బిగించి వదిలేసిన బోల్టు తల కొన్నాళ్లకు దానంతటదే ఊడుతుంది. లోపల ఇరుక్కున్న ముక్క తీసే మనిషి ఊళ్లో ఒక్కడే ఉంటాడు, ఎప్పుడూ ఖాళీగా ఉండడు.

8. ట్యాంకుకు ముసురు పట్టిన రోజున ఎన్‌సీ రంగు వేయించండి. తేమకు తెల్లగా పాలిపోతుంది. పైన టూకే క్లియర్ వద్దంటే, పెట్రోలు చుక్క పడిన చోటల్లా మెత్తబడి లేచిపోతుంది.

9. సాకులు వరుసలో వాడండి. మొదట పెయింటరు ఊరెళ్లాడు. తర్వాత వానలు. తర్వాత విజయవాడ ఆటోనగర్ నుంచి సామాను రావాలి. ఆపైన మూఢం. అడిగేవాళ్లు మారుతుంటారు కాబట్టి మళ్లీ మొదటినుంచి చెప్పొచ్చు.

10. చివరికి షెడ్డువాడు సంచి తీసుకుపొమ్మంటే నేరుగా పాత ఇనుము కొట్టుకు వెళ్లండి. క్రోమ్ పట్టిన ఇనుమైనా, తుప్పు పట్టిన ఇనుమైనా అక్కడ ఒకటే తూకం, ఒకటే రేటు. ఆర్‌సీ, తాళంచెవి మాత్రం ఇంట్లోనే దాచుకోండి. బావమరిది అడిగినప్పుడు అవి చూపించి, బండి ఇంకా పెయింటింగ్‌లోనే ఉందని చెప్పండి.